పొట్టులో దొరికిన నట్టు

వాల్దీవియాలో వాన కొత్త సంగతి కాదు.
ఆ రోజూ కురిసింది, రంపపు మిల్లు రేకుల మీద
బఠానీలు గుమ్మరించినట్టు.
తనిఖీ అధికారి గొడుగు దులిపి మూలన పెట్టి
బల్ల మీద కాగితం పరిచాడు.
‘కారణం’ అన్నచోట
ఒక్కటే గీత. వేలెడంత.

రెమిహియో కాయుల్ ఎడమచేతికి
ఇప్పుడు రెండే వేళ్ళు.

మేస్త్రీ అన్నాడు, అజాగ్రత్త.
గుమాస్తా అన్నాడు, పరధ్యానం.
శాంటియాగో నుంచి ఫోనులో యజమాని
వాళ్ళిద్దరూ అన్నదే అన్నాడు, కాస్త మర్యాదగా.
గీత నిండిపోయింది.

నన్నెవరూ అడగలేదు.
నేను ఊడ్చేదాన్ని.

పదకొండేళ్ళుగా ఈ మిల్లులో జరిగేదంతా
చివరికి నా చీపురు కిందికే వస్తుంది.
పైన్ చెక్క పొట్టు, సిగరెట్ పీకలు, బెల్టు పోగులు,
ఒకసారి పాలపన్ను కూడా.
ఏ తండ్రి జేబులోంచి జారిందో
మూడు రోజులు వాకబు చేసి ఇచ్చేశాను.

మార్చిలో ఒక నట్టు దొరికింది,
నాలుగో నంబరు రంపం కింద.
పళ్ళ మీది ఇనుప మూత దాంతోనే నిలిచేది.
రెండు రోజులు మూత గడగడలాడింది.
మూడో రోజు ఊడదీసి గోడకి ఆనించారు.
మూత లేకపోతే గంటకి పద్నాలుగు దుంగలు
ఎక్కువ తెగుతాయని ఆ వారమే తెలిసింది.
ఒకసారి తెలిశాక
తెలియనట్టు ఉండమంటే ఎవరి తరం?

నట్టు మేస్త్రీకి చూపించాను.
“ఓడ వెళ్ళనీ, చూద్దాం. దాచు” అన్నాడు ఓస్వాల్దో.
చెడ్డవాడు కాదు.
రేవులో ఓడ నిలిస్తే రోజుకింతని జరిమానా,
అందులో కొంత అతని జీతంలోంచే.
ఓడ వెళ్ళింది. ఇంకోటి వచ్చింది.

ఏప్రిల్లో రంపం నెత్తి మీది దీపం మాడింది.
మేలో పళ్ళు నూరేవాడు మానేశాడు;
మొద్దుబారిన రంపానికి
దుంగని చేత్తో నెట్టి తినిపించాలి.
జూన్‌లో రాత్రి మనిషి రాలేదు,
పగలు చేసిన రెమిహియోనే ఉండిపోయాడు.
చేతి తొడుగు ఒక సైజు పెద్దది.
స్టోరులో ఉన్నది అదే.

విడివిడిగా చూస్తే
కేకేసి చెప్పేంత పెద్దది ఏదీ లేదు.
గోటితో పోయేదాన్ని
రంపం దాకా తెచ్చాం.

తెల్లవారుజామున, నాలుగుంబావుకి
తొడుగు అంచు పంటికి చిక్కింది.
నేను రెండో వరసలో ఉన్నాను.
మిగతాది చెప్పను.
ఆ పొట్టుని మాత్రం
వేరే సంచిలో ఎత్తాను.

అధికారి టీ తాగుతున్నాడు.
జేబులోంచి నట్టు తీసి
అతని కాగితం మీద, సరిగ్గా ఆ గీత మీద పెట్టాను.
“ఏమిటిది?”
“మార్చి నెల.”

కప్పు పక్కకి జరిపి, కాగితం వెనక్కి తిప్పాడు.
తెల్లగా ఉంది అటువైపు.
దీపం, ఓడ, నూరేవాడు, తొడుగు,
నేను చెబుతూ పోయాను, అతను రాస్తూ పోయాడు.
వాన చప్పుడుకి కొన్ని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

“ఇంకేమైనా?”

ఉంది.
గోడకి ఆనించిన ఆ మూత మీది దుమ్ము
మూడు నెలలు నేనే తుడిచాను.
మేస్త్రీకి ఒక్కసారి చెప్పాను.
రెండోసారి చెప్పలేదు.
అదీ రాసుకోండి. పేరు సొయిలా మాన్సిల్లా.

అతని కలం ఆగింది.
నా మాటకి కాదు.
షెడ్డులో నాలుగో నంబరు మొదలైంది.

“దాని మీద ఎవరు?” అన్నాడు.
నేను తలుపు వైపు చూశాను.
గొడుగు మరిచిపోయి లేచాడు.