పంతొమ్మిదో గడి

మాది కేలండర్ల అచ్చాఫీసు.
మెక్సికో నగరంలో, డాక్టోరెస్ పేటలో,
మందుల షాపు వెనక సందు.
రొట్టెల కొట్లూ చెప్పుల కొట్లూ తమ పేరేయించుకుని
డిసెంబరులో ఊరికే పంచిపెట్టే కేలండర్లు.
గడికో అంకె, అంకె కింద చీమ తలంత అక్షరాల్లో
ఆ రోజు పునీతుడి పేరు.
సెప్టెంబరు పంతొమ్మిది: పునీత హెనారో.

పోయిన నవంబరులో డాన్ క్రెసెన్సియో వచ్చాడు,
మొక్కజొన్న రొట్టెల మర ఆయనది.
టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, చర్చిలోలాగా.
"ఒతీలియా, మూడొందలు కావాలి.
సెప్టెంబరులో మాత్రం
పద్దెనిమిది తరవాత ఇరవై వెయ్యి.
ఖర్చెక్కువైతే ఇస్తాను."

నేను నవ్వలేదు.

మొదటిసారి నాకు తొమ్మిదేళ్లు.
ఎనభై అయిదు, పొద్దున ఏడూ పంతొమ్మిది.
పాలగ్లాసు బల్ల మీద తనంతట తాను నడిచింది.
అంచుదాకా వెళ్ళి ఆగింది.
ఊరు ఆగలేదు.
అమ్మ అప్పటికే పనిలో ఉంది,
సాన్ ఆంతోనియో అబాద్ రోడ్డులో, నాలుగో అంతస్తులో,
ఎవరి పెళ్ళికో తెలియని గౌను అంచు కుడుతూ.
తలుపుకి బయట తాళం,
గుడ్డముక్కలు ఎత్తుకుపోతారని.
యజమాని మనుషులు ముందు ఇనప్పెట్టె తీయించారు.
తరవాత మిషన్లు.
పన్నెండో రోజున పిన్ని
వేలికి ఇంకా ఉన్న కుట్టుతొడుగు చూసి
అవునంది.

అప్పట్నుంచీ ఏటా ఆ తేదీకి ఊరంతా రిహార్సలు.
సైరన్ కూస్తుంది, మెట్లు దిగుతాం, తలలు లెక్కపెడతారు,
హై హీల్స్ వేసుకొచ్చిన వాళ్ళని ఆటపట్టిస్తాం.
రెండువేల పదిహేడులోనూ దిగాం, పదకొండింటికి.
ఎక్కాం. కాఫీ పెట్టుకున్నాం.
ఒంటిగంటా పద్నాలుగుకి
సైరన్ కంటే ముందు నేల వచ్చింది.

ఆ రాత్రి పక్క వీధిలో బకెట్లు చేతులు మారుతూ సాగాయి.
పిడికిలెత్తడమంటే మాకు అంతదాకా నినాదం.
ఆ రోజున దాని అర్థం మారిపోయింది:
మాట్లాడకండి, కింద ఎవరో ఊపిరి తీస్తున్నారు.
ఒక పిడికిలి లేస్తే వంద లేచేవి,
జనరేటరు ఆగేది, కుక్క కూడా ఆగేది.
నా పిడికిలి నేను దించడం మరిచిపోయాను,
ఎవరో కుర్రాడు మెల్లగా దించాడు.

మూడోసారి, ఇరవై రెండులో,
రిహార్సలు అయి గంటైనా కాలేదు.
వీధిలోకి పరిగెత్తిన జనం ఈసారి నవ్వారు,
ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, పగలబడి.
ఆ నవ్వుకే నాకు కాళ్ళు వణికాయి.

మా మేనల్లుడు ఉబాల్డో లెక్కలు చదువుతున్నాడు.
"కాకతాళీయం అత్తా. భూమికి అంకెలు రావు.
కాకి వాలిందని పండు రాలదు."
నిజమే నాయనా.
మూడుసార్లు వాలింది, మూడుసార్లు రాలింది,
ఇప్పుడు కాకి రెక్క చప్పుడైతే చాలు
చెట్టు కింద ఎవరం నిలబడం.

డాన్ క్రెసెన్సియోకి నచ్చజెప్పాను:
ఒక రోజు తీస్తే శుక్రవారాలన్నీ జరుగుతాయి,
క్రిస్మస్ తప్పిపోతుంది, అద్దె ఒక రోజు ముందే కట్టాలి.
ఆయన అద్దె దగ్గర కాస్త ఆలోచించాడు.
ఆయనకి ఎవరు పోయారో అడగలేదు.
ఇక్కడ అలా అడగరు,
చెప్తే వింటారు.
నేనూ ఒకటి చెప్పలేదు:
ఆ గడి లేకపోతే
మా అమ్మకి పువ్వు ఎక్కడ పెట్టను?

చివరికి రెండొందల తొంభైతొమ్మిది మామూలుగానే వేశాను.
ఒక్కటి ఆయన కోసం.
అందులో అంకె తీసేసి గడి ఉంచాను,
అడుగున పునీత హెనారో ఒక్కడూ కాపలా.

మొన్న, సెప్టెంబరు మొదట్లో, రొట్టెలకి వెళ్తే
త్రాసు పక్క గోడకి వేలాడుతోంది అదే కాగితం,
పిండిచేతుల మరకలతో.
ఖాళీ గడిలో పెన్సిలుతో, వంకరగా:
"గ్యాస్ బండ వస్తుంది. చిల్లర ఉంచాలి."

కిలో అడిగాను.
ఆయన కిలో మీద రెండు రొట్టెలు వేశాడు, వేడివి.