ఆరుగురికి ఒక ప్లాస్టిక్ చెయ్యి

కిసుమూ బస్టాండు వెనక, మందుల షాపు పైన, రెండో అంతస్తు.
ఆరుగురం.
ఆరుగురికీ ఒకటే ప్లాస్టిక్ చెయ్యి,
బల్ల అంచుకు మరతో బిగించి ఉంటుంది.
వంతు వచ్చేదాకా
సొంత గోళ్ల మీద పొడి కుంచె ఆడిస్తూ కూర్చుంటాం.

నెకేసా మేడమ్ మొదటిరోజు మా ముఖాలు చూడలేదు, చేతులు చూసింది.
నా దగ్గర ఆగింది.
"ఏం పని చేసేవాడివి?"
వల, అన్నాను.
పన్నెండేళ్లు సరస్సులో లాగాను.
ఇప్పుడు నీళ్ల మీద గుర్రపుడెక్క అల్లుకుపోయింది,
మోటారుకు పీచు చుట్టుకుంటుంది,
చేప ఎటు పోయిందో చేపకే తెలుసు.
ఇదంతా చెప్పలేదు. వల, అన్నాను, అంతే.
"ముడి వేయడం వచ్చన్నమాట. సగం పని వచ్చినట్టే."
మిగతా సగానికి
మూడు నెలలూ, పద్దెనిమిది వేల షిల్లింగులూ.

"కొనగోటికి సరిపోని పని" అన్నాడు మా అన్న ఒచోలా.
పడవ అమ్మిన డబ్బులో వాడి వాటా వాడికిచ్చేశాను.
నా వాటా ఇదిగో:
ఆకురాయి, కుంచె,
మూత తీస్తే ముక్కులో మేకు దిగే ద్రవం, సీసాడు.

ఆకురాయి ఒకే వైపు నడవాలి.
రంపంలా లాగితే గోరు పొరలు పొరలుగా లేస్తుంది.
నాది పొలుసు గీకిన చెయ్యి,
తోక నుంచి తలకు ఎదురెక్కడమే దానికి తెలుసు.
తప్పినప్పుడల్లా పక్కనున్న మోరా
నా మణికట్టు మీద స్కేలుతో కొడుతుంది.
పందొమ్మిదేళ్ల పిల్ల. గట్టిగానే కొడుతుంది.

గోరు మొదట్లో తెల్లటి నెలవంక ఉంటుందని
ముప్పై నాలుగేళ్లు నాకు తెలియదు.
ఆ రాత్రి పది వేళ్లూ వెతుక్కున్నాను.
ఎనిమిది దొరికాయి.

తడి కుంచెను పొడిలో ముంచితే కొసన ముత్యం కట్టాలి.
నాది కారిపోయేది, లేదా ఉండగట్టేది.
ఐదోవారం ఒకటి నిలిచింది.
ప్లాస్టిక్ వేలి మీద దించితే
మెల్లగా పరుచుకుని, గట్టిపడి, మెరిసింది.
తర్వాతి వంతు మోరాది. గీకేసింది.

పరీక్షకు మనిషిని మనమే తెచ్చుకోవాలి.
అందరూ చెల్లెళ్లను తెచ్చారు.
నేను దోర్కాను అడిగాను,
కిబుయే బజారులో నా చేపలు కొన్న మనిషి.
"పొడుగు పెట్టకు, మధ్యాహ్నం చేపలు కోయాలి.
డబ్బు నువ్విస్తావా, నేనివ్వాలా?"
ఎవరూ ఇవ్వక్కర్లేదంటే ఇంకా అనుమానంగా చూసింది.

నిమ్మకాయ రుద్దుకుని వచ్చింది.
చేతులు బల్ల మీద పెట్టి, వెంటనే ఒళ్లోకి లాక్కుంది.
మళ్లీ పెట్టింది.
కుడి బొటనవేలి గోరు నడిమికి చీలి ఉంది.
పెళ్లికి ముందు గాలం దిగిందట,
అప్పట్నుంచీ రెండు ముక్కలుగానే మొలుస్తోందట.
"దాన్ని ముట్టుకోకు. పొలుసుకు నా కత్తి అదే."
పరీక్షకు పది కావాలి, అన్నాను.
"తొమ్మిది చెయ్. తర్వాత చూద్దాం."

గంటన్నర. గోడ గడియారం. వెనక పరీక్షాధికారి చెప్పుల చప్పుడు.
కళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక గోరు మీదే పెట్టాను.
ఆమె ధరలు చెప్పింది,
బాకీదార్ల పేర్లు వరసగా చెప్పింది,
గుర్రపుడెక్కను అమ్మనా బూతులూ తిట్టింది.
ఆరో గోరు దగ్గర గొంతు పలచబడింది.
తొమ్మిదో గోటికి రంగు ఆరేసరికి
తల పక్కకు వాలి నిద్రపోయింది,
తెల్లవారుజాము మూడింటికే లేచే మనిషి.

మిగిలింది చీలిక.
కుంచె ముంచాను. ముత్యం కట్టింది, గుండ్రంగా, కారకుండా,
ఇంత బాగా ఎప్పుడూ కట్టలేదు.
చిరిగిన వలకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా కలిపినట్టు
ఒక్క చుక్క చాలు.
అడగకుండా చేయకూడదు, అది మేడమ్ మొదటి పాఠం.
ఇంకా నాలుగు నిమిషాలు.
కుంచె కొసన ముత్యం ముదురుతోంది.

దోర్కా, అన్నాను. దోర్కా.

నా వేలిని పిడికిట్లో బిగించి,
కళ్లు తెరవకుండానే అడిగింది:
"కిలో ఎంత?"