మూరెడు దూరం

తాడిపత్రిలో రాతిదుమ్ముకు తలుపులడ్డం కాదు.
పక్క షెడ్డులో నాపబండలకు పాలీషు పడతాంటే
మా స్టూడియోలో మంచినీళ్ల మీద గూడా
బూడిదరంగు తేలతాది.
కుళ్లాయప్ప తెచ్చిన డ్రైవు నోట్లో
ఆ దుమ్మే చేరి గట్టిపడింది.
గుండుసూదితో గెలికినా, ఊదినా,
వైరు పట్టదు. పట్టినా పలకదు.

"తీగ లేకపోయినా పోతాదంటక్కా,
దానికే ఒక వైఫై ఉందంట" అన్యాడు.
పాస్‌వర్డు అట్టపెట్టె అడుగున దొరికింది.
గుండీ నొక్కితే
నీలంగా ఒక కన్ను తెరిచింది.

టేబులుకు ఈ మూల డ్రైవు, ఆ మూల కంప్యూటరు.
నడుమ మూరెడు దూరం. ఒక టీ గ్లాసు, కత్తెర.
అది దాటనీకి
మూడు గంటల పది నిమిషాలంది తెర.

పోవాల్సింది పీర్ల పండగ.
నాలుగు వేల చిల్లర ఫోటోలు, గుండం వీడియో.
ఆ పొద్దు వాళ్లు ఏడంగల్లో దాటేసినారు.
ఈడ ఒక్కొక్క నిప్పుకణిక
లెక్క చెప్పుకుంటా వస్తాంది.

ఈ టీ గ్లాసు మీదుగానే పోతాన్నట్టుండాయి
పట్టుగుడ్డల పీర్లు, బెల్లం గంపలు,
అలాయి తొక్కే కాళ్లు.
చెయ్యి అడ్డం పెట్టి చూసినా.
వెచ్చగా లేదు.
ఉత్త గాలి, దాంట్లో రాతిదుమ్ము.

అరవై రెండు శాతం కాడ
పక్కన మిషను వేసినారు.
ట్యూబులైటు చిమచిమలాడింది, కన్ను మూసుకునింది.
కనెక్షను తెగిందంటాది తెర.
తెగడానికి ఏముండాదని?

పోయి నబీరసూలును అడిగినా,
ఒక గంట ఆపుతావాన్నా అని.
"గంటంటే పదహైదు బండలు" అన్యాడు
మొకం తుడుచుకోకుండానే.
సంగతి చెప్పినా.
గుండం మాట వినబడినాక కొళాయి తిప్పి
మోచేతుల దాకా కడుక్కున్యాడు.
"దాంట్లో నేనుండానా?"
"తెలీదు. ఇంకా రాలేదు."

మిషను ఆగినాక
మా వీధిలో కాకులు గూడా ఉండాయని తెలిసింది.
స్టూలు మీద కూచున్యాడు, చేతులు ఒళ్లో పెట్టుకోని,
ఆసుపత్రి బయట కూచున్నట్టు.

మొదట్నించి కాదు, ఆగినకాడ్నించే ఎత్తుకునింది,
అదొక పుణ్యం.
డెబ్భై. డెబ్భై ఒకటి.
టీ చల్లారింది. గ్లాసు తీయనీకి
ఇద్దరికీ చెయ్యి రాలేదు.

డెబ్భై ఎనిమిదిలో వచ్చినాడు నబీరసూలు,
చేతిలో పీరు, నెత్తిన తడిగుడ్డ,
నడుము దాకానే.
కింద ఇంకా బూడిదరంగు.
కాళ్లు రావాల.

ఆయన స్టూలు మీదనే
కాళ్లు పైకి ముడుచుకున్యాడు.