పడవ రాని వారం

గొర్రె తొడ ఎండి చెక్కైపోయింది.
పలకల కొట్టంలో ఎనిమిది నెలలు
సముద్రపు గాలి తిన్న మాంసం.
చాకుది తప్పు కాదు.
పడవేమైనా కనిపిస్తుందేమోనని
కిటికీలోంచి చూశాను, అంతే.

ఎడమ చూపుడు వేలు, రెండు కణుపుల నడుమ.
రెండు బియ్యపుగింజలంత.
మొదట తెల్లగా నోరు తెరిచింది,
ఏదో చెప్పబోయి ఆగినట్టు.
తర్వాత చెప్పింది.

ఫుగ్లోయ్ దీవికి ఈ వారం పడవ లేదు.
అవతలి దీవి నుంచి ఫోన్‌లో నర్సు సిస్సల్:
"వేలు వంగుతోందా? కొసన స్పర్శ తెలుస్తోందా?
అయితే పావుగంట నొక్కిపట్టు.
మధ్యలో తీసి చూడకు."
తీసి చూశాను.
మళ్ళీ మొదట్నుంచీ పావుగంట.

కుళాయి కింద కడిగాను, పళ్ళు బిగించి.
చుట్టూ తుడిచి ఆరబెట్టమంది, తడి మీద అంటవట.
ఈ దీవిలో పొడిగా ఉండేది ఏముంది?
పొయ్యి దగ్గర వేలెత్తి నిలబడ్డాను
బళ్ళో జవాబు తెలిసిన పిల్లలా.

తమ్ముడు ట్రోండూర్ గాలాల పెట్టెలో
వదిలేసి పోయిన జిగురు పట్టీలు,
అగ్గిపుల్లంత సన్నం.
ఒక చేత్తో చప్పట్లు మోగవంటారు.
వెనక కాగితం పంటితో ఒలిస్తే
మొదటిది నా పెదవికి అంటుకుంది.
రెండోది బొటనవేలికి.
మూడోదానికి, బల్ల అంచుకి వేలు ఆనించి,
నడుమ నుంచి మొదలుపెట్టాను:
ఈ ఒడ్డున అతికించి
ఆ ఒడ్డుని మెల్లగా దగ్గరకు నెట్టి,
లాక్కుండా, దాటించడం.

దాటింది.

దానికి అటొకటి, ఇటొకటి.
మధ్యలో సందు వదలమంది, ఊరే తడి బయటికి పోవాలట.
పూర్తిగా మూసేసినదేదీ మానదు
లాంటి మాట ఏదో అంటుందనుకున్నాను.
"మూడు చాలు," అంది.
"ఎర్రబడి వాచినా, చీము పట్టినా
గాలీ వానా అనకు, ఫోన్ చెయ్యి.
ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నావు?"
పోయినేడు, గొర్రెల కంచె తీగ గీరినప్పుడు.
"సరే," అని పెట్టేసింది.

పీకొద్దంది. పీకలేదు.
ఒక పట్టీ పిండిలో రాలి, ఏరి పారేశాను.
ఒకటి ఉన్ని తొడుగు లోపలే ఉండిపోయింది.
చివరిది అంచులు నల్లబడి
తొమ్మిదో రోజు దాకా వేలాడింది.

పదో రోజు పడవ వచ్చింది.
సిస్సల్ సంచీ దించి, కళ్ళద్దాలు పైకి తోసి
వేలు వెలుగులోకి తిప్పి చూసింది.
గులాబీ రంగు గీత, దారం లేని కుట్టు.
బాగుందనలేదు.
బల్ల మీది తొడ తనవైపు లాక్కుని,
చాకు మొన అవతలికి తిప్పి
నాకో ముక్క, తనకో ముక్క కోసింది,
కిటికీ వైపు ఒక్కసారీ చూడకుండా.