మబ్బు అడుగున రాగి

కాశిమేడు రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎత్తిన రోజు
సాయంత్రం నాలుగింటికి పది నిమిషాల ముందు
బండరాళ్ళ గట్టు మీద నిలబడి
పధ్నాలుగు ఫొటోలు తీశాను.
పదమూడు పారేసేవే.
మిగిలింది ఒకటి.

చాకలిపేట గదిలో కరెంటు లేదు.
లాప్‌టాప్‌లో ఇరవై మూడు శాతం ప్రాణం.
ఆ వెలుగులోనే
రంగుల పట్టీని మెల్లగా ఎడమకు జరిపాను.

ముందు పోయింది మబ్బు అడుగున సన్నటి ఎరుపు.
అది పోయిందని కూడా నేను గమనించలేదు.
తర్వాత, ఎవరో గట్టు మీద ఆరేసి మరిచిపోయిన
గులాబీ లంగా,
టార్పాలిన్ నీలం.
ఐసు డబ్బా పసుపు మాత్రం
చివరిదాకా మొండికేసింది.

అప్పుడు లేచింది మబ్బు.
అంతవరకూ తడిసిన దుప్పటిలా వేలాడిన దానికి
కండలొచ్చాయి.
కింద సముద్రం సీసపు పలక.
ఏ ఊరిదో ఏ ఏటిదో చెప్పలేని తుఫాను,
ఎవరి చేపా కుళ్ళని, ఎవరి పాకా ఎగిరిపోని తుఫాను,
గోడకెక్కించదగ్గది,
మూలన నా పేరు చిన్నగా వేసుకోదగ్గది.

నెల్లూరు ట్రంకురోడ్డు స్టూడియోలో మా తాత
నలుపుతెలుపు పెళ్ళికూతుళ్ళ బుగ్గలకు
సన్నకుంచెతో ఎరుపు అద్దేవాడట,
బొమ్మకు అర్ధరూపాయి ఎక్కువ.
ఆయన అద్దిందంతా
నేను ఒక్క వేలితో తుడిచేస్తున్నాను,
ఎక్కువేమీ అడక్కుండా.

మర్నాడు వాన తెరిపిచ్చాక
వలలు కుట్టే పాకలో పోలయ్యకు చూపించాను.
ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని,
"ఇది గాలి మబ్బా, వాన మబ్బా?" అన్నాడు.
మబ్బు, అన్నాను.
"అదేందబ్బా, మనిషిని ఫొటో తీసి
ఆడో మగో చెరిపేసినట్టు!
అడుగున రాగి చెంబు తోమినట్టు ఒక చార ఉండాలే.
అది చూసే నేను తాడు విప్పలా ఆ పొద్దు."

పట్టీని వెనక్కి జరిపాను.
చార వచ్చింది.
దాంతోపాటు,
మబ్బు ఎంత పెద్దదో తెలియడానికి
కొలతగా పనికొస్తుందని నేనుంచుకున్న నల్లచుక్క ఒకటి
ఆకుపచ్చ అంచుతో
పడవైంది.

పోలయ్య కాసేపు మాట్లాడలేదు.
"సింగారం పడవ" అంది వెనక నుంచి అంకమ్మ,
పొలుసులంటిన చేతులు తుడుచుకుంటూ.
"మా చెల్లెలి మొగుడు.
రాత్రి పదింటికి పళవేర్కాట్లో ఒడ్డున పడ్డాడంట.
ఫోనొచ్చింది."
ఫోనొచ్చిందని రెండుసార్లు అంది.

గట్టు మీద నిలబడి
ఆ చుక్క ఇంకాస్త కుడికి,
ఇంకాస్త మబ్బు కిందికి జరిగితే బావుణ్ణని
ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన సంగతి
వాళ్ళకు చెప్పలేదు.

రంగులోనే అచ్చు వేయించాను.
తంబుచెట్టి వీధి షాపులో ఇంకు తక్కువైందో ఏమో
మబ్బు కాస్త ఊదాకు తిరిగింది.
అంకమ్మ పటాన్ని త్రాసు పక్కన ఆనించి
"వంకాయ రంగు మబ్బు నా పుటకలో చూడలా" అని
నవ్వింది.

రెండో ఫైలు ఇంకా చెరపలేదు.
దాంట్లో మబ్బు బాగుంది.
ఇప్పటికీ చాలా బాగుంది.