ఉప్పలయ్య బీటు

పొద్దుగాల అయిదింటికి
మా బాపూజీనగర్ గల్లీల
కోడి కంటె ముందు లేచేది ఉప్పలయ్య పానా.
టంగ్.
కరెంటు స్తంభం అడుగున బోల్టు మీద ఒక్క దెబ్బ.
ఆగి, చెవి పెట్టి,
ఇంకొకటి.

ముప్పై మూడేండ్లు రైల్వేల కీమాన్.
కాజీపేట నుంచి పెండ్యాల దిక్కు
రోజూ పట్టాల నడుమ నడక,
భుజం మీద సుత్తె,
చంకల ఎర్ర జెండా, పచ్చ జెండా.
జారిన కీ కనబడితే కొట్టుడు,
వదులైన బోల్టు కనబడితే బిగించుడు,
రైలొస్తే పక్కకు జరిగి నిలబడుడు.
కిటికీల కూసున్నోళ్లు
ఆయనను చూసిండ్రో, చెట్టును చూసిండ్రో.

"గన్నేండ్లు బిగిస్తివి గదా, ఏమైంది పెద్దయ్యా?"
కుట్టుమిషన్ తొక్కుడు ఆపి ఒకసారి అడిగిన.
శానాసేపు ఆలోచించిండు.
"ఏం కాలే బిడ్డా" అన్నడు.
"ముప్పై మూడేండ్లు. ఏం కాలే."
నాకు నవ్వొచ్చింది.
ఆ మాట సమజయ్యేసరికి
ఇంకో రెండు వానకాలాలు పట్టింది.

రిటైరైనంక పట్టాలను ఇడిసిండు గని
కాళ్లు ఆయనను ఇడువలే.
సోమిడి మలుపు నుంచి సర్కారు బడి దాకా
తనకు తనే ఒక బీటు రాసుకున్నడు.
బీటు నడిచినోని కండ్లకు
ఎక్కడ చూసినా బీటలే.
కారే నల్లాకు సైకిల్ ట్యూబు ముక్క.
మోరి మీద జరిగిన బండను
వంగి, రెండు చేతుల పట్టి, సదురుడు.
బడి గేటు గొళ్లానికి రెండు చుక్కల నూనె,
అది నా మిషన్ సీసాలదే, ప్రతి సోమారం.
రోడ్డు మీద మొల దొరికితే అంగీ జేబుల.
ఆ అంగీ పిండేటప్పుడు రాజవ్వ తిట్లు
గల్లీ గల్లీ వినాలె.

దేవుడేం కాదు.
పేకల మోసం జేస్తడు,
కొత్తిమీర కట్టకు రూపాయి కాడ కొట్లాడుతడు.
"మున్సిపాలిటోళ్లు జీతమిస్తున్నరా?"
అంటడు చికెన్ షాపు యాకూబ్ పాషా.
"ఇస్తే మంచిగుండు" అంటడు, నిజంగనే.

ఆ యేడు శ్రావణంల
మూడు దినాలు ఇడువకుండ కొట్టింది వాన.
మా ఇండ్లల్ల మోకాటి లోతు.
నా మిషన్ మోటరు పోయింది.
కోపమొచ్చింది, వాన మీద కాదు, ఆయన మీద.
రోజూ మోరి జాలి కాడ కవర్లు ఏరినవు గదా,
ఏం ఆపినవు?
అడుగుదామని కిటికీ తీసిన.
అర్ధరాత్రి,
నడుముల లోతు నీళ్లల్ల వంగి
చేతికి తగిలింది తగిలినట్టు గుంజుతున్నడు:
కవర్లు, కొబ్బరిబోండం, ఎవరిదో ఎడమకాలు చెప్పు.
కిటికీ మూసిన.

తెల్లారేసరికి మా గల్లీల నీళ్లు తీసినయి.
వెనక గల్లీల నాలుగు దినాలు నిలిచినయి.
గంతే తేడా.
నాలుగు దినాలంటే ఎంతో
వెనక గల్లీ స్వరూపను అడగాలె,
ఒళ్లె ఇరవై దినాల పసిగుడ్డు.

ఇప్పుడు మోకాళ్లు పట్టేసినయి.
వాకిట్ల ప్లాస్టిక్ కుర్చీల కూసొని
వచ్చేటోన్ని, పోయేటోన్ని ఆపుతడు.
"నల్లా?"
"కారుతలేదు."
"బండ?"
"సక్కగుంది పెద్దయ్యా."
అడుగుతడని తెలిసి
అందరం చూసుకుంట నడుస్తున్నం.
యాకూబ్ మొన్న షాపు తెరవక ముందు
వంగి మొల ఏరుడు నేను చూసిన.
చూసినట్టు చెప్పలే.
గొళ్లానికి నూనె నేనే పోస్తున్న,
ఎప్పటి సంది అంటే యాదికి లేదు.

పొద్దుగాల మొదటి రైలు
పెండ్యాల దిక్కు పోతది.
గిన్నెలు గలగలమంటయి, కిటికీలు వణుకుతయి.
ఉప్పలయ్య చాయ్ గ్లాసు నోటి కాడ ఆపి
ఆఖరి డబ్బా దాటేదాకా చెవి పెడతడు.

పోయింది.

ఏం కాలే.

చాయ్ తాగుతడు.