చివరి రోగి వెళ్ళిపోయాక, హైడెల్‌బర్గ్

పదకొండు దాటాక కిరణం మాది,
తెల్లవారుజాము నాలుగు దాకా.
బల్లమీద ప్లాస్టిక్ తల.
అందులో పన్ను ఒక్కటే అసలుది,
హెన్రికె పోయినేడు పీకించుకున్నది.

ప్రోటాన్ ముక్కుసూటి మనిషే,
లోపల అడుగుపెట్టేదాకా.
ఆపైన ప్రతి కేంద్రకమూ
సంతలో భుజంలా ఒరుసుకుని
కాస్త పక్కకి నెడుతుంది.
వచ్చిన గుమ్మం తెలుసు, పోయిన గుమ్మం తెలుసు,
నడుమ నడిచిన వంకర మాత్రం
మేం ఊహించి గీసిందే.
తెరమీద దవడ అంచు
పాలలో నానిన రొట్టె.

హీలియం పెడదాం, అన్నాడు ఓట్‌ఫ్రీడ్.
నాలుగింతల బరువు.
నిండుకుండ తొణకదు.
నిజమే, పన్ను తేటపడింది,
వేరు దగ్గరి పగులుతో సహా.
కానీ నిండుకుండ పగులుతుంది కూడా.
పెంకుల్ని ఏరి పారేస్తే
లెక్కకు మిగిలినవి కొన్నే.
బొమ్మంతా ఇసుక చల్లినట్టు.

"మిల్లీమీటరు," అంది హెన్రికె
కళ్ళజోడు తుడుచుకుంటూ.
ఏడింటికి ఇదే బల్లమీద
యాన్నిక్ పడుకుంటాడు. తొమ్మిదేళ్ళు.
కణితికీ చూపునరానికీ మధ్య
వాడికున్న చోటు అంతే.

ఎవరూ ఏమీ అనలేదు.
ఓట్‌ఫ్రీడ్ వెళ్ళి
ప్లాస్టిక్ తలను అర డిగ్రీ తిప్పాడు,
నిద్రపోయే పిల్లాణ్ణి
సర్ది పడుకోబెట్టినట్టు.